అమరగాయకుడు ఘంటసాల

తెలుగునాట పెండ్లిపందిట్లోను, శ్రీరామనవమి చలువపందిట్లోను, తెల్లవారుజామున గుడి మైకులోను, చివరకు చావింటి ముంగిట కూడా వినిపించే గొంతు ఒకటి ఉంది. నిజామాబాదు నుంచి బోధన్ మీదుగా వర్ని, కోటగిరి వైపు సాగే కాలువగట్ల పల్లెలలోనూ ఆ గొంతు పరిచితమైనదే. ఆ గొంతు కలవాడు కన్నుమూసి అర్ధశతాబ్దం దాటింది. ఆయనను చూసినవారు నేడు అరుదు. వినని తెలుగువారు మాత్రం ఇంకా అరుదు. ఆయనే ఘంటసాల వేంకటేశ్వరరావు.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడకు సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించాడు. తల్లి రత్తమ్మ, తండ్రి సూరయ్య. సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలను గానం చేసేవాడు. కొడుకును భుజంపై కూర్చోబెట్టుకొని భజనలకు, సంగీతసభలకు తీసుకొని వెళ్ళేవాడు. తండ్రి పాడుతుండగా ఆ పసివాడు లయ తప్పక అడుగులు వేసేవాడట. చూసినవారు ముచ్చటపడి వానిని బాలభరతుడని పిలిచారు. తాళం అతనికి ముందుగా కాళ్ళలోనికి వచ్చి, తరువాత గొంతులోనికి చేరిందన్నమాట. ఆయన పాటలలో లయ ఎక్కడా బరువుగా తోచకపోవడానికి ఈ బాల్యమే కారణమేమో.

బాలునికి పదకొండవ ఏట తండ్రి మరణించాడు. పోయేముందు సూరయ్య కొడుకును పిలిచి సంగీతం ఎంత గొప్పదో చెప్పి, విద్వాంసుడవు కావలసిందని కోరాడు. ఆస్తిగా ఇచ్చినది ఆ కోరిక ఒక్కటే. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య కుటుంబభారాన్ని తలకెత్తుకున్నాడు. ఆ రోజులలోనే ఒక సంగీతసభలో పేరున్న విద్వాంసులతో పోటీపడి పాడబోయి ఆ కుర్రవాడు ఓడిపోయాడు, నలుగురిలో నవ్వులపాలయ్యాడు. మరొకరైతే అంతటితో పాట మానివేసేవారు. అతడు నేర్చుకొని తీరాలని పట్టుపట్టాడు. నేర్పుతారన్న ఆశతో సంగీతజ్ఞుల ఇండ్లలో ఊడిగం చేశాడు. ఒక ఇంట బట్టలు ఉతికాడు, మరొక ఇంట వంట చేశాడు. ఏండ్లు గడిచాయి కాని విద్య చేతికందలేదు. ఆనాడు సంగీతం గురుముఖతః మాత్రమే లభించే విద్య. గురువు మనసు కరగకపోతే శిష్యుడు గుమ్మం దగ్గర ఎంతకాలం నిలబడినా ఫలితం ఉండేది కాదు.

ఇటువంటి స్థితిలో అతనికి విజయనగరం గుర్తుకు వచ్చింది. అక్కడ మహారాజావారి సంగీతకళాశాల ఉంది. ఆ కళాశాల 1919లో ఏర్పడింది. మొదట ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తరువాత వాయులీన విద్వాంసుడు ద్వారం వేంకటస్వామినాయుడు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. వేలికి ఉన్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్ముకొని ఘంటసాల విజయనగరం చేరాడు. తీరా చూస్తే కళాశాలకు వేసవి సెలవులు. ద్వారంవారు ఆ కుర్రవానిపై దయతలచి, కళాశాల ఆవరణలోనే ఉండడానికి అనుమతించారు. వారాలు చేసుకొని భోజనం చేస్తున్న ఆ అదృష్టమూ ఎంతోకాలం నిలువలేదు. తోటివారు చేసిన తప్పు అతని మీద పడింది. ఆవరణ విడిచిపెట్టవలసి వచ్చింది. ఎల్లమ్మ గుడి అతనికి నీడ అయింది.

అప్పుడు దొరికినవాడు పట్రాయని సీతారామశాస్త్రి. ఆయన కళాశాలలో గాత్ర పండితుడు. సంపన్నుడు కాడు. శిష్యునికి అన్నం పెట్టగల స్థితి ఆయనకు లేదు, విద్యాదానానికి మాత్రం లోటు లేదు. అందువల్ల ఘంటసాల జోలె భుజాన వేసుకొని వీధి వీధి తిరిగి మాధుకరం ఎత్తాడు. ఒకపూట తెచ్చిన అన్నమే రెండుపూటలకూ సరిపెట్టుకోవాలి. మిగిలిన అన్నాన్ని గుడ్డలో మూటగట్టి ఉంచితే చీమలు పట్టేవి. అది చూసి గురువు ఒక డబ్బా ఇచ్చాడని చెబుతారు. మహాగాయకుల చరిత్రలలో బిరుదులు, గజారోహణలు విరివిగా కనబడతాయి. ఈ చరిత్రలో ఒక అన్నపు డబ్బా ఉంది. సెలవులు ముగిసిన తరువాత కళాశాలలో చేరి, నాలుగేండ్ల పాఠ్యక్రమాన్ని రెండేండ్లలోనే పూర్తిచేసి ఘంటసాల సంగీత విద్వాంసుడై బయటికి వచ్చాడు. ఆ గురువుగారి కుమారుడు పట్రాయని సంగీతరావు తరువాతి కాలంలో మద్రాసులో ఘంటసాలకు హార్మోనియం సహకారం అందిస్తూ, సంగీత సహాయకుడుగా దశాబ్దాలు వెంట నడిచాడు. రెండు కుటుంబాల మధ్య ఋణం ఎవరు ఎవరికి తీర్చారో చెప్పడం కష్టం.

చదువు ముగించుకొని సొంత ఊరు చేరిన ఘంటసాల ఉత్సవాలలో, వివాహాలలో కచేరీలు చేస్తూ, పిల్లలకు సంగీతపాఠాలు చెబుతూ కాలం గడుపుతుండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. పాడే గొంతు నినాదాలు కూడా చేసింది. ఫలితంగా పద్దెనిమిది నెలలు బళ్ళారిలోని అల్లీపురం జైలులో గడపవలసి వచ్చింది. 1944లో సావిత్రితో ఆయనకు వివాహమైంది. అత్తవారి ఊరైన పెదపులివర్రులోనే సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యతో పరిచయం కలిగింది. ఘంటసాల పాట విన్న సముద్రాల మద్రాసుకు రావలసిందిగా సలహా ఇచ్చాడు.

ఇక్కడ ఆనాటి సంగీతలోకపు మనస్తత్వాన్ని కొంచెం తెలుసుకోవాలి. శాస్త్రీయ సంగీతం అభ్యసించినవాడు సినిమాకు పోవడం కులం తప్పినంత పనిగా భావించే రోజులవి. ఇంకొకవైపు సినిమాలో నటించేవారే పాడుకొనేవారు. తెరపై ఒకరు పెదవి కదుపగా తెరవెనుక మరొకరు పాడే నేపథ్యగానం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నది. సభలో గౌరవం పోగొట్టుకొని, తెరపై ముఖమైనా కనబడని వృత్తిలోనికి అడుగుపెట్టడం సామాన్యమైన సాహసం కాదు. ఆ సాహసానికి మొదట దక్కినది ఆకలే. మద్రాసు త్యాగరాయనగరంలోని పానగల్ పార్కులో, కావలివానికి నెలకు రెండు రూపాయలు చెల్లించి, ఘంటసాల రాత్రులు తలదాచుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతున్నది.

ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు పాడే అవకాశం కల్పించాడు. గ్రామఫోన్ కంపెనీలో ఉన్న పేకేటి శివరాం ఆయనచేత పాటలు రికార్డు చేయించాడు. 1944లో వచ్చిన సీతారామజననంలో బృందగానంలో గొంతు కలిపాడు. 1945లో బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడినది ఆయనకు నేపథ్యగాయకుడుగా తొలి పాట. దానికి నూటపదహారు రూపాయలు ముట్టాయి. జోలె పట్టిన చేతికి ఆ నూటపదహార్లు ఎలా తోచాయో ఊహించవచ్చు.

ఆ తరువాతి అభివృద్ధి వేగంగా జరిగింది. బాలరాజు (1948), కీలుగుఱ్ఱం (1949), మనదేశం (1949) చిత్రాలతో సంగీతదర్శకుడుగా స్థిరపడ్డాడు. విజయా సంస్థవారి తొలి చిత్రం షావుకారుకు, 1951లో ఆంధ్రదేశాన్ని ఊపివేసిన పాతాళభైరవికి సంగీతం ఆయనదే. 1953లో విడుదలైన దేవదాసు చిత్రానికి బాణీలు కట్టిన సి.ఆర్. సుబ్బరామన్ చిత్రం పూర్తికాకముందే మరణించాడు. ఆ బాణీలకు ఘంటసాల గొంతు ప్రాణం పోసింది. తాగుబోతు పాత్ర పాటను తూలిపోతున్నట్లు అభినయించి పాడడం తేలిక. ఘంటసాల అలా చేయలేదు. శ్రుతి చెదరకుండానే మనసు చెదిరిన సంగతి వినిపించాడు. నా అభిప్రాయంలో ఆయన పాడిన చిత్రాలలో మొదటి స్థానం దేవదాసుదే.

అన్నీ జయాలే అనుకోరాదు. సొంతంగా చిత్రాలు నిర్మించి ఆయన నష్టపోయాడు. 1954లో వచ్చిన చంద్రహారం ఆశించినంతగా ఆడలేదు. విజయావారి తరువాతి చిత్రం మిస్సమ్మలో (1955) సంగీతం సాలూరి రాజేశ్వరరావుకు, కథానాయకుని పాటలు ఏ.ఎం. రాజాకు దక్కాయి. అదే సంస్థ 1957లో మాయాబజారు నిర్మించినప్పుడు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకొనగా, మిగిలిన భారమంతా ఘంటసాలపై పడింది. ముందు కట్టిన బాణీలను తోసిపుచ్చక, వాటికి వాద్యసమ్మేళనం సమకూర్చి, తక్కిన పాటలను వాటి సరసన నిలబడేటట్లు కూర్చాడు. మరొకరి పనిని తన పనితో సమానంగా చూడగలగడం కళాకారులలో తరచుగా కనిపించే గుణం కాదు.

విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. అది ఆయన పద్యపఠనం. తెలుగు రంగస్థలంపై పద్యమంటే రాగం. నటుడు ఒక పాదం ముగించి దీర్ఘంగా ఆలాపన చేసేవాడు, ప్రేక్షకులు చప్పట్లు కొట్టి మళ్ళీ పాడించుకొనేవారు. ఆ రాగప్రవాహంలో మాట కొట్టుకొని పోయేది. నాటకశాలలో అది ఒక వేడుక. సినిమాకు అంత వ్యవధి లేదు. ఘంటసాల ఆలాపనను కుదించాడు. గణాల దగ్గర కాక అర్థం విరిగే చోట ఊపిరి తీసుకున్నాడు. సమాసం ఎంత పొడవైనదైనా దాని ముడి ఎక్కడ ఉందో వినేవానికి తెలిసేటట్లు పలికాడు. కోపంలో పరుషాక్షరానికి, జాలిలో సరళాక్షరానికి ఎంత బరువు ఉండాలో అంతే పెట్టాడు. తరగతిలో ఉత్పలమాలకు గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, యతిస్థానం కింద గీత గీసే విద్యార్థి ఆ తరువాత నర్తనశాల (1963) చిత్రంలోని తిక్కన పద్యాలను ఆయన గొంతులో ఒకసారి వినడం మంచిది. గీత గీసిన అక్షరం చెవికి ఎలా తగులుతుందో అప్పుడు తెలుస్తుంది. తిక్కన, తిరుపతి వేంకటకవులు, కరుణశ్రీ వంటి కవుల పద్యాలు చదువురాని వారి నాలుకపైకి కూడా చేరడంలో ఈ పద్ధతికి పెద్ద పాత్ర ఉంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపం, కుంతీకుమారి గ్రామఫోన్ రికార్డులుగా వచ్చి ఇంటింటా మ్రోగాయి. పూలు కోయబోయి చేయి వెనుకకు తీసుకున్న వారున్నారని పెద్దలు చెప్పుకొనేవారు. అది అతిశయోక్తే కావచ్చు, కాని అటువంటి అతిశయోక్తి అందరి పద్యాలకూ పుట్టదు.

నందమూరి తారకరామారావుకు పాడినప్పుడు ఒక తీరు, అక్కినేని నాగేశ్వరరావుకు పాడినప్పుడు వేరొక తీరు ఆయన గొంతులో వినబడేవి. కళ్ళు మూసుకొని విన్నా తెరపై ఎవరున్నారో చెప్పవచ్చునని ప్రతీతి. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మాహాత్మ్యంలో మాత్రం ఆయనే తెరపై కనిపించి స్వామి సన్నిధిలో పాడాడు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆయనను ఆస్థాన గాయకుడుగా గౌరవించింది. 1963లో విడుదలైన లవకుశ నిర్మాణం ధనాభావంవల్ల ఏండ్ల తరబడి ఆగి ఆగి సాగింది. పూర్తి నిడివి గల తొలి తెలుగు రంగుల చిత్రంగా వచ్చిన దానికి సంగీతం ఘంటసాలదే. లీల, సుశీల పాడిన ఆ పాటల కోసం పల్లెలవారు బండ్లు కట్టుకొని పట్నాలకు వచ్చి చిత్రం చూశారు.

హిందుస్తానీ మహావిద్వాంసుడు బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల ఇంటనే బస చేసేవాడు. ఆ ఇంట పగలు సినిమా బాణీల పని జరిగేది, తీరిక దొరికినప్పుడు ఉస్తాద్ సాధన సాగేది. ఆ విద్వాంసుడు చివరకు 1968లో మన హైదరాబాదులోనే తనువు చాలించాడు. ఘంటసాల బాణీలలో హిందుస్తానీ ఛాయలు వినిపించడానికి ఈ సాంగత్యం ఒక కారణం. సినిమా సంగీతాన్ని తక్కువగా చూసిన శాస్త్రీయ విద్వాంసులు కొందరు ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ ఏమనుకున్నారో మరి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఘంటసాల విజయనగరంలో జోలె పట్టిన కాలంలో నిజామాబాదు ఇంకా హైదరాబాదు సంస్థానంలో ఉంది. పాలనభాష ఉర్దూ, బడిలో బోధనాభాష ఉర్దూ. ఆరవ నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ 1937లో నిజామాబాదులోనే జరిగింది. అంటే తెలుగు కోసం ఆలోచించవలసిన అగత్యం ఇక్కడివారికి ఉండేదన్నమాట. 1931 నాటికి మంజీర నదిపై నిజాంసాగర్ పూర్తయి కాలువలకు నీరు వచ్చింది. ఆ నీటితో చెరకు, ఆ చెరకుతో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చాయి. కర్మాగారం వెలసిన పేట శక్కర్‌నగర్ అయింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇక్కడ భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. మరాఠీ మాట్లాడేవారు సరిహద్దు దాటి పనికి వచ్చారు. ఒకే కాలువ నీరు తాగిన ఈ జనులు ఉర్దూ, మరాఠీ, తెలంగాణపు తెలుగు, కోస్తా తెలుగు మాట్లాడారు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకోవడమూ ఉండేది. దాన్ని దాచవలసిన పనిలేదు.

చెరకు ఆడే కాలంలో ఫ్యాక్టరీ ముందు బండ్లు బారులు తీరి నిలిచేవి. కాటా దగ్గర తమ వంతు వచ్చేవరకు రైతులు బండి కిందనే కంబళి కప్పుకొని తెల్లవార్లూ గడపవలసి వచ్చేది. అటువంటి రాత్రులకు పాటే కాలక్షేపం. టూరింగ్ టాకీసులు, పెండ్లిండ్ల లౌడ్‌స్పీకర్లు, ఆపైన సిలోన్ రేడియో, వివిధభారతి ప్రసారాలు ఘంటసాల పాటను ఇక్కడికి మోసుకొని వచ్చాయి. సముద్రం అవతలి కొలంబో నుంచి తెలుగు పాట బోధన్ హోటళ్ళలోనికి వచ్చిపడడం ఆనాటి వింతలలో ఒకటి. ఆ పాటలోని తెలుగు ఏ జిల్లాది అని వినేవారు విచారించలేదు. ఆయన ఉచ్చారణలో కృష్ణా తీరపు యాస వినబడదు. అక్షరానికి ఎంత స్పష్టత ఉండాలో అంత మాత్రమే వినబడుతుంది.

నిజామాబాదుకు ఆయనకు మరొక లంకె ఉంది. కవి దాశరథి కృష్ణమాచార్య నిజాం పాలనను ధిక్కరించి నిర్బంధానికి గురైనప్పుడు నిజామాబాదు ఖిల్లా జైలులో ఉన్నాడు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు తోడు. కాగితం దొరకని ఆ చెరలో దాశరథి బొగ్గుముక్కతో గోడపై పద్యం రాశాడు. నేటికీ ఖిల్లా గుట్టపైకి వెళ్ళినవారు ఆ సంగతి తలుచుకుంటారు. ఆ దాశరథి 1961లో వాగ్దానం, ఇద్దరు మిత్రులు చిత్రాలతో సినీగీత రచయిత అయ్యాడు. ఆ పాటలు పాడినవారిలో ఘంటసాల ఉన్నాడు. ఒకడు బళ్ళారి చెరలో ఆంగ్లేయులకు ఖైదీ, మరొకడు ఇందూరు చెరలో నిజాముకు ఖైదీ. ఇద్దరూ పదునైదేండ్ల తరువాత మద్రాసు రికార్డింగు గదిలో ప్రేమగీతానికి జతకూడారు. మరుసటి ఏడాది గులేబకావళి కథతో కరీంనగర్ సీమకు చెందిన సి. నారాయణరెడ్డి వచ్చి చేరాడు. ఘంటసాల గొంతు అప్పటినుంచి తెలంగాణ కవుల మాటను కోస్తాకు కూడా చేర్చింది.

1970లో భారతప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. అదే ఏడాది హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో ఆయన గానజీవిత రజతోత్సవం జరిగింది. వేల సంఖ్యలో జనం వచ్చారు. 1971లో ఐరోపా, అమెరికా పర్యటన చేశాడు. ఇంగ్లండు, పశ్చిమజర్మనీ, అమెరికా సంయుక్తరాష్ట్రాలలో కచేరీలు చేశాడు. ఐక్యరాజ్యసమితిలో పాడి శాంతి పతకం అందుకున్నాడు. 1965లో అమెరికా వలసచట్టం మారిన తరువాత తెలుగు వైద్యులు, ఇంజనీర్లు ఆ దేశానికి వెళ్ళడం అప్పుడప్పుడే మొదలైంది. వారి సంఖ్య స్వల్పం. తెలుగు మాట వినాలంటే ఉత్తరం కోసం ఎదురుచూడవలసిన కాలమది. అటువంటివారి ఎదుట హార్మోనియం ముందు కూర్చొని, తెల్లని పంచెకట్టుతో, ఆడంబరం లేకుండా ఆయన పాడాడు. పరదేశంలో తెలుగు గాయకులు కచేరీ యాత్రలు చేయడం ఈనాడు సాధారణం. ఆనాడు దానికి బాట లేదు, వేయవలసి వచ్చింది.

భాష తెలియని దేశాలలో కూడా ఒక గొంతు ఎలా నిలుస్తుందో చూడాలంటే దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాకు చెందిన కార్లోస్ గార్డెల్‌ను చెప్పుకోవాలి. స్పానిషు భాషలో టాంగో పాటలు పాడిన ఆయన 1935 జూన్ 24న కొలంబియాలోని మెడెలిన్ నగరంలో విమానప్రమాదంలో మరణించాడు. రికార్డులు, సినిమాలు ఆయనను ఖండాంతరాలకు తీసుకొని పోయాయి. ఆ దేశంవారు ఆయన పాట రోజురోజుకూ మెరుగవుతున్నదని నేటికీ చెప్పుకుంటారట. ఆయన మూల ధ్వనిముద్రణలను 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఘంటసాల గొంతుకు అటువంటి అంతర్జాతీయ పట్టికలో చోటు దక్కలేదు. దానికి ఆయన గొంతు కారణం కాదు, పాత రికార్డులను భద్రపరచడంలో మనకున్న అశ్రద్ధ కారణం. 2003లోనే, ఫిబ్రవరి 11న, భారత తపాలాశాఖ ఆయన చిత్రంతో ఒక తపాలాబిళ్ళ విడుదల చేసింది.

విదేశాల నుంచి వచ్చిన ఘంటసాల ఆరోగ్యం సరిగా లేదు. అప్పటికే మధుమేహం ఆయనను పీడిస్తున్నది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి రావడంతో ఆస్పత్రిలో చేర్చారు. చాలాకాలం చికిత్స జరిగింది. ఈలోగా సినీరంగం మారింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం వంటి యువగాయకులు 1966 తరువాత ముందుకు వచ్చారు, పాటల వేగం పెరిగింది. విశ్రాంతి తీసుకొనవలసిన మనిషి 1973లో కూడా భక్త తుకారాం, జీవన తరంగాలు వంటి చిత్రాలకు పాడాడు.

అన్నిటికన్నా ఆయన మనసు పడిన పని వేరొకటి. భగవద్గీత నుంచి శ్లోకాలను ఎన్నుకొని, వాటిని రాగాలలో కూర్చి, వెంట తెలుగు తాత్పర్యాన్ని తానే చెబుతూ గ్రామఫోన్ రికార్డుగా తీసుకొని రావాలని తలపెట్టాడు. శ్లోకం పాడడం వేరు, తాత్పర్యం చెప్పడం వేరు. తాత్పర్యం దగ్గర గొంతు దించి, ఇంటి పెద్ద పిల్లలకు చెప్పినట్లు చెప్పాడు. ఆ రికార్డులో అలసట ఉంది. జాగ్రత్తగా వినేవారికి ఊపిరి తీసుకొనే చోట్లు తెలుస్తాయి. యౌవనంలో ఆయన పాడిన పాటలలో ఇటువంటి విరామాలు లేవు. గీతకు అవి అమరినంతగా మరి దేనికీ అమరి ఉండేవి కావనిపిస్తుంది. రికార్డింగు ముగిసింది. విడుదల మాత్రం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభైరెండేండ్లు కూడా నిండలేదు.

గీతా రికార్డు ఆ ఏడాదే ఇండ్లకు చేరింది. ఎవరూ ఆదేశించకుండానే, తెలుగువారి ఇంట మరణం సంభవించినప్పుడు దాన్ని మ్రోగించే ఆచారం ఏర్పడింది. మొదట పెద్దపెట్టెలలోని గ్రామఫోన్లలో, తరువాత క్యాసెట్లలో, ఆపైన సెల్‌ఫోన్లలో అదే గొంతు. బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. బండ్లు బారులు తీరిన చోట ఇప్పుడు సైరన్ లేదు. చుట్టుపక్కల పల్లెలలో పెద్ద ప్రాణం పోయినప్పుడు వాకిట్లో షామియానా వేసి, మొదటగా ఆ శ్లోకాలే పెడుతున్నారు. కృష్ణాతీరం నుంచి వచ్చిన కుటుంబమైనా, మంజీర గట్టున పుట్టిన కుటుంబమైనా పెట్టేది అదే.